ఎడమకు తిరిగిన పిల్ల

వ్యాయామ పోటీల్లో ఆడపిల్లలకు మార్కులు వేసే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఇద్దరు ఈమధ్య నా దగ్గరికి వచ్చి, "మీ అనుభవాలు రాసిపెట్టండి మేడం, మాకు పనికొస్తాయి" అన్నారు. నాకు వచ్చిన శాలువాల గురించి, ఎక్కిన మెట్ల గురించి రాస్తానని వాళ్ల ఆశ కాబోలు. వాటితో మీకేం పని? శాలువాలు బీరువాలో ఉన్నాయి, చెదలు కూడా ముట్టలేదు.

నాకు నోరెక్కువని రెండు జిల్లాల్లో పేరు. ఆ పేరు అబద్ధం కాదు. హెడ్‌మిస్ట్రెస్‌లను దులిపేశాను, పిల్లల తండ్రులను గుమ్మంలో నిలబెట్టి కడిగేశాను. కానీ నోరు తెరవాల్సిన ఒక్క రోజున తెరవలేదు. దాని గురించి రాయకుండా ఇంకేం రాసినా అది సొంత డబ్బానే అవుతుంది.

మా పని

కర్నూలు, కడప జిల్లాల్లో ఆడపిల్లల బళ్లు తిరగడం, వ్యాయామంలో మెరిక లాంటి పిల్లలను ఏరడం, మూడు వారాలు తర్ఫీదు ఇవ్వడం, ఆనక పోటీలో కూర్చుని వాళ్లకే మార్కులు వేయడం. నేర్పేదీ నేనే, తూచేదీ నేనే. ఇప్పుడు మీకిది వింతగా ఉంటుంది. ఆ రోజుల్లో ఈ పని తెలిసిన ఆడవాళ్లు మా వైపు దొరికేవాళ్లు కాదు.

పోటీల్లో ముఖ్యమైనది ఒంటి కసరత్తు. ఒక్కొక్క పిల్లే ముందుకొచ్చి, హార్మోనియానికీ డోలుకూ తగ్గట్టు మూడు నిమిషాలు చేయాలి. దూకాలి, వంగాలి, ఒంటికాలి మీద నిలబడాలి, ఆ ఒంటికాలి మీదే గిర్రున తిరగాలి. ఆ తిరగడాన్ని పిల్లలు బొంగరం అనేవాళ్లు, మేమూ అదే అనేవాళ్లం. మార్కులు రెండు వాటాలు. ఏం చేసిందన్నదానికి సగం, ఎట్లా చేసిందన్నదానికి సగం.

మొదటి సగం తేలిక. ఎన్ని చుట్లు తిరిగిందో కళ్లున్న ఎవరైనా లెక్కపెట్టొచ్చు. రెండో సగంలోనే మన బుద్ధులు బయటపడతాయి. ఇస్త్రీ పావడా కట్టుకున్న పిల్ల వంగితే ఒయ్యారం అని రాస్తాం. అతుకుల పావడా పిల్ల అదే వంపు వంగితే మొరటు అని రాస్తాం. నేను రాశాను. మీరు రాయరని ఒట్టు పెట్టుకోకండి, రాసేముందు ఒకసారి పిల్ల బట్టల మీది నుంచి కళ్లు తీయండి చాలు.

చెప్పులు విప్పి చూడడం

మా పోటీల్లో డోలు వాయించేది ఖాదర్ ఉస్తాదు. కర్నూలు పాత ఊళ్లో ఒకప్పుడు తాలీమ్‌ఖానా నడిపి, కుస్తీ పట్టే పిల్లలను తయారుచేసిన మనిషి. మోకాలు దెబ్బతిని మా దగ్గర డోలు పట్టుకున్నాడు. జీతం ప్యూనుది, కన్ను మాత్రం గురువుది.

మొదటి ఏడాది పోటీలు ఉత్త నేల మీద జరిగాయి. పొద్దున చేసిన పిల్లలు నిదానంగా, ముచ్చటగా చేశారు. మధ్యాహ్నం వంతు వచ్చినవాళ్లు ఒక్కొక్కరూ గబగబా గెంతి ముగించేశారు. "తొందరపాటు" అని వరసగా రాసుకుంటూ పోయాను. పందిరి కింద, కాళ్లకు చెప్పులతో కూర్చుని రాశాను. భోజనాల వేళ ఉస్తాదు దగ్గరకొచ్చి, "అమ్మా, చెప్పులు ఇప్పి ఒక్క తూరి ఆడ నిలబడు" అన్నాడు.

నిలబడ్డాను. కర్నూలు ఎండ మీకు తెలుసు కదా. పది లెక్కపెట్టేలోపు పందిట్లోకి పరుగెత్తుకొచ్చాను.

ఆ సంగతి వెళ్లి మా ఇన్‌స్పెక్ట్రెస్ సుభద్రమ్మగారికి చెప్పాను. ఆవిడది కృష్ణ ఒడ్డు. మా ఎండకు, మా ఉప్పునీళ్లకు అలవాటు పడలేక సతమతమయ్యేది గానీ పనిలో మాత్రం నికార్సయిన మనిషి. రాఘవేంద్రస్వామి భక్తురాలు. గురువారం ఒంటిపూట ఉండేది, వీలున్నప్పుడల్లా మంత్రాలయం వెళ్లొచ్చేది. నేను చెప్పింది విని ఒక్క ప్రశ్న కూడా వేయకుండా మధ్యాహ్నపు మార్కులన్నీ కొట్టేయించి, మర్నాడు పొద్దున జంపఖానా పరిపించి పిల్లలందరి చేతా మళ్లీ చేయించింది. ఆనాటి నుంచి జంపఖానా మా పోటీలకు ఆనవాయితీ అయింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తప్పు జరిగిందని చెబితే వినే మనిషి ఆవిడ. ఆ సంగతి నాకు ముందే తెలుసు.

మున్ముందు

మార్కుల కాగితం అడుగున ఒక గడి ఉండేది. పైన "మున్ముందు" అని రాసి ఉండేది. ఈ పిల్ల ఇవాళ ఎట్లా చేసిందన్నది కాదు, రేపు ఏమవుతుందన్నది అందులో రాయాలి. పనికొస్తుంది, లేకపోతే పనికిరాదు. రెండే మాటలు. పనికొస్తుందని రాసిన పిల్లను ఈసారి గెలవకపోయినా మరుసటేడు మళ్లీ పిలిచేవాళ్లం. పనికిరాదని రాస్తే ఆ పేరు అంతటితో సరి.

రెండు జిల్లాలకూ కలిపి ఏడాదికి ఒక్క పిల్లకు సీటు ఇచ్చేవాళ్లు. రెండేళ్లు హాస్టల్లో పెట్టి, తిండి పెట్టి, తర్ఫీదు ఇస్తారు. ఆపైన డ్రిల్లు టీచరు ఉద్యోగం. వానలు పడని పల్లెలో పుట్టిన ఆడపిల్లకు అదెంత పెద్ద సంగతో నేను వేరే చెప్పాలా?

ఓబుళమ్మ

కడపలో ఒక ఆడపిల్లల బడికి పోయినప్పుడు చూశాను. వెనక వరసలో నిలబడింది. పద్నాలుగేళ్లుంటాయి. బద్వేలు దగ్గర పల్లె. మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. బక్కపలుచని పిల్ల, మాటా పలుకూ లేదు. పేరడిగితే నేల చూసి చెప్పింది.

బొంగరం తిరగమన్నాను. తిరిగింది. ఎనిమిది చుట్లు. కాలు పెట్టిన చోటి నుంచి అంగుళం జరగలేదు. ఆగినప్పుడు ఒళ్లు తూలలేదు. బళ్లకు కూడా నా వెంట వచ్చే ఉస్తాదు డోలు వాయించడం మరిచిపోయి చూశాడు.

"అమ్మా, ముప్పై ఏండ్లు పిల్లోళ్లకు నేర్పినా. ఇట్లాంటి నిలకడ యాడా చూడలే. ఈ బేటీని నువ్వు ముట్టుకోవద్దు. ఇట్లనే పంపించు" అన్నాడు.

చిట్టాలో ఎనిమిది చుట్లు అని రాసి సుభద్రమ్మగారికి పంపాను. మర్నాడు తండ్రి నరసన్నను పిలిపించాను. శనక్కాయ పండించే మెట్ట రైతు. తువ్వాలు చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు.

"సూడు టీచరమ్మా, ఈ యేడూ వానల్లేవు. పాపను సదివించే శక్తి నాకు ల్యా. సీటు వస్తే పంపిస్తా, నా మాట మీద నమ్మకం పెట్టుకో. రాకుంటే మా బావమరిది కొడుకు ఉండాడు. వాళ్లు శానా దినాల్నించి అడుగుతాండారు. ఇచ్చేస్తా."

"ఆ సీటు నీ పాపదే అనుకో పో" అన్నాను. పిల్ల తలుపు పక్కన నిలబడి వింటోంది. మొదటిసారి తలెత్తి నన్ను చూసింది.

ఎవరూ అనని మాట

ఓబుళమ్మది పుర్రచేతి వాటం. రాత కుడిచేత్తో రాసేది గానీ రాయి విసరాలన్నా, చీపురు పట్టాలన్నా ఎడమచెయ్యే. బొంగరం కూడా ఎడమకే తిరిగేది. మిగతా పిల్లలందరినీ నేను మొదటి నుంచీ కుడికే తిప్పాను, కాబట్టి ఈ పిల్ల ఒక్కతే కంటికి ఆనేది. పుర్రచెయ్యి కాబట్టి అట్లా తిరుగుతోందని తేల్చేశాను. ఆ రెంటికీ ముడి లేదని అప్పుడు నాకు తెలియదు.

నాకొక భయం పట్టుకుంది. అంతకు ముందటేడు ఒక బడి పిల్లలు దీపపు సెమ్మె చుట్టూ కోలాటం వేస్తూ ఎడమకు తిరిగారు. సుభద్రమ్మగారు మొహం చిట్లించి, "ఇదేమిటమ్మా, అప్రదక్షిణం" అని మార్కులు తగ్గించింది. అంత నిష్ఠ గల మనిషి ఈ పిల్ల తిరగడం చూస్తే ఊరుకుంటుందా? సీటు చేజారిపోదా?

వెళ్లి అడగొచ్చు. అరగంట పని. అడగలేదు. పైవాళ్ల మనసు వాళ్లు చెప్పకముందే కనిపెట్టేస్తానని నాకొక పొగరు ఉండేది. పెద్దల మాట చద్దిమూట అంటారు. పెద్దలు అనని మాటను కూడా మూటగట్టుకున్నదాన్ని నేను.

మూడు వారాల్లో ఆ పిల్లను కుడికి తిప్పాలని పూనుకున్నాను. మొదటిరోజు రెండు చుట్లకే కూలబడింది.

"టీచరమ్మా, ఈ పక్క తిరిగితే నేల యాడుండాదో తెలీడంల్యా" అంది.

"తెలుస్తుంది లేమ్మీ. అన్నం కుడిచేత్తో తినడం నేర్చుకోలేదా?"

"అది మాయమ్మ కొట్టి నేర్పిచ్చె."

"అయితే నేనూ కొట్టి నేర్పిస్తాను" అన్నాను. అన్నంత పనీ చేశాను. బెత్తంతో ఎడమ పిక్క మీద. గట్టిగా కాదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. గట్టిగానే కొట్టాను.

ఉస్తాదు రెండు రోజులు చూసి, మూడోనాడు డోలు పక్కన పెట్టాడు. "గానుగెద్దు యా పక్క తిరిగినా నూనే కదమ్మా వచ్చేది. బిడ్డను ఎందుకు ఆగం చేస్తాండావు?" అన్నాడు.

"డోలు వాయించడం నీ పని. నేర్పడం నా పని" అన్నాను, పిల్లలందరి ముందూ. ముప్పై ఏళ్లు గురువుగా బతికిన మనిషి డోలు మళ్లీ మెడకు తగిలించుకున్నాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తుకోబుద్ధి కావడం లేదు.

మూడో వారానికి పిల్ల కుడికి నాలుగు చుట్లు తిరిగింది. ఎనిమిది చుట్లు తిరిగే పిల్లను నాలుగుకు దించి, అది నా ప్రతిభ అని మురిసిపోయాను.

ఆ మూడు నిమిషాలు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కచేరీలు డేరాల్లో నడిచేవి, ఎక్కడ చూసినా ఆఫీసర్లే. ఆ ఏటి పోటీలకు జనం బాగా వచ్చారు. నరసన్న బద్వేలు నుంచి బస్సులో వచ్చి తాడు దగ్గర నిలబడ్డాడు. మార్కులు వేసేది ముగ్గురం. మధ్యలో సుభద్రమ్మగారు, ఒక పక్క నేను, ఇంకో పక్క నంద్యాల నుంచి వచ్చిన డ్రిల్లు టీచరు.

ఓబుళమ్మ దూకడం, వంగడం బాగా చేసింది. బొంగరం మొదలుపెట్టింది. ఒక చుట్టు, రెండు చుట్లు. మూడో చుట్టులో భుజాలు కుడికి పోతుంటే నడుము ఎడమకు లాగింది. ఒళ్లు అలవాటైన దారికి పోబోయింది, నా బెత్తం గుర్తొచ్చి ఆగింది. మోకాలు నేలకు కొట్టుకుని జంపఖానా అంచు అవతల పడింది.

లేచింది. లేచి నావైపు చూసింది. ఏ పక్క తిరగమంటావని ఆ చూపు. నేను కాగితంలోకి తల దించుకున్నాను. పిల్ల కాసేపు నిలబడి, దండం పెట్టి వెళ్లిపోయింది. ఇంకా నిమిషం మిగిలే ఉంది.

సుభద్రమ్మగారు నావైపు తిరిగింది. "ఎనిమిది చుట్లు తిరిగిందని రాశావు కదమ్మా. ఏమైంది ఇవాళ?"

"భయపడిందండీ" అన్నాను.

"మన ఏర్పాట్లలో లోపం ఏదైనా ఉంటే చెప్పు. ఇంకోసారి చేయిద్దాం."

నా కుర్చీకి దగ్గర్లోనే, హార్మోనియం పక్కన కూర్చున్న ఉస్తాదు తలెత్తాడు. "చెప్పమ్మా" అన్నాడు, నాకు మాత్రమే వినబడేట్టు.

చెబితే ఏమవుతుంది? పిల్ల వాటం మార్చింది నేనని తెలుస్తుంది. నన్ను ఎవరూ మార్చమనలేదని తెలుస్తుంది. మెచ్చుకునే పై అధికారి ముందు, నంద్యాల టీచరు ముందు చులకనైపోతాను. అంతే. అంతకు మించి నాకు పోయేది ఏమీ లేదు. పిల్లకు మాత్రం ఆ ఒక్క సీటు.

"లోపమేమీ లేదండీ" అన్నాను.

మున్ముందు గడి దగ్గరికి వచ్చాను. అక్కడైనా పనికొస్తుందని రాయొచ్చు, మరుసటేడు మళ్లీ వచ్చేది. రాయలేదు. వస్తే ఆ పిల్ల నోరు తెరుస్తుంది, నా సంగతి బయటపడుతుంది. పనికిరాదు అని రాశాను. పిల్లను చూసి రాసిన మాట కాదది.

ఆ సాయంత్రమే ఆదోని వైపు పిల్ల ఒకతె వచ్చింది. నా చేతికింద నేర్చుకున్నది కాదు, వాళ్ల బడిలోనే నేర్చుకుని నేరుగా పోటీకి వచ్చింది. ఎడమకు గిర్రున ఆరు చుట్లు తిరిగింది. సుభద్రమ్మగారు మొహమంతా నవ్వుతో మార్కులు వేసింది.

"ఎడమకు తిరిగింది కదండీ. నిరుడు కోలాటంలో మీరు..." అన్నాను.

ఆవిడ నవ్వింది. "అది దీపం చుట్టూ తిరగడం తల్లీ. తన చుట్టూ తాను తిరిగేదానికి ప్రదక్షిణమేమిటి?"

అప్పటికి ఇంకా ఫలితాలు చదవలేదు. పిల్ల ఇంకా వేపచెట్టు కింద మోకాలికి గుడ్డ కట్టించుకుంటోంది. కట్టేది ఉస్తాదే. ఇప్పుడు చెప్పినా సరిపోయేది. మధ్యాహ్నం మార్కులన్నీ కొట్టేసి మళ్లీ చేయించిన మనిషి, ఒక్క పిల్ల చేత మళ్లీ చేయించదా? తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. సీటు ఆదోని పిల్లకు పోయింది. ఆ పిల్ల తప్పేమీ లేదు, బాగా చేసింది.

గేటు దగ్గర నరసన్న కనిపించాడు. "ఏమాయె టీచరమ్మా?" అన్నాడు.

"భయపడింది నరసన్నా. చిన్నపిల్ల కదా" అన్నాను. అదే అబద్ధం, రెండోసారి ఇంకా తేలిగ్గా వచ్చింది. పిల్ల పక్కనే ఉంది. కాదని అనలేదు. టీచరు చెప్పింది కాబట్టి భయపడ్డాననే అనుకుంది కాబోలు.

ఉస్తాదు ఆ తర్వాత పని మాట తప్ప నాతో వేరే మాట మాట్లాడలేదు.

మంచు మీద ఆడవాళ్లు

రెండేళ్లు పోయాక కర్నూల్లో సినిమాకు పోతే, ముందు వేసే న్యూస్‌రీల్లో పరదేశపు ఆడపిల్లల పోటీ చూపించారు. కాళ్లకు కత్తుల్లాంటివి కట్టుకుని మంచు మీద జారుతూ, దూకుతూ, ఒంటికాలి మీద కళ్లు తిరిగేటంత వేగంగా తిరుగుతున్నారు. చలికోట్లు వేసుకున్న పెద్దమనుషులు వరసగా కూర్చుని అంకెలు ఎత్తి చూపిస్తున్నారు. మా పనే అది. మంచు ఒక్కటే తేడా.

పక్కవాళ్లు ఆ పిల్లల పొట్టి పావడాలు చూసి గుసగుసలాడుతుంటే నేను తిరిగే వైపు చూశాను. ఎడమకు. తర్వాత వచ్చిన పిల్లా ఎడమకే. ఆ తర్వాతి పిల్లా అంతే. ఒక్కతి మాత్రం కుడికి తిరిగింది, దానికీ ఎవరూ ఏమీ అనలేదు. ఏ పిల్లకు ఏ వైపు వీలైతే ఆ వైపు. ఇంత చిన్న సంగతి. సినిమా మొదలుకాకముందే లేచి ఇంటికి వచ్చేశాను.

బద్వేల్లో

ఆ దశాబ్దం ముగిసేలోపు ఒకసారి బళ్ల తనిఖీకి బద్వేలు పోయాను. తిరుగు బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఎదురుగా వ్యాపారి కొట్టు వసారాలో ఆడవాళ్లు వరసగా కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నారు. అందులోంచి ఒకామె లేచి, ఒళ్లో పొట్టు దులుపుకుంటూ వచ్చింది.

"టీచరమ్మా, గుర్తు పట్టితివా? ఓబుళమ్మను."

పట్టాను. పద్దెనిమిది, పంతొమ్మిది ఏళ్లకే ముఖం పీక్కుపోయింది. బావమరిది కొడుక్కే ఇచ్చాడట తండ్రి. బాగున్నావా అంటే బాగుండా అంది. నేను తిట్లకు సిద్ధపడ్డాను. తిడితే బాగుండు అనుకున్నాను.

"నీ రుణం తీర్చుకోలేకపోతి టీచరమ్మా. మూడు వారాలు తిండీ నీళ్లూ మానుకుని నేర్పిస్తివి. నాకే అంటలే" అంది.

చీర కుచ్చెళ్లు పట్టుకుని రెండేళ్ల ఆడపిల్ల నిలబడి ఉంది. ఓబుళమ్మ దాని కుడిచేతిలో బొరుగులు పోసింది. పిల్ల నోట్లో పెట్టుకోబోతే సగం కింద పడ్డాయి. ఎడమచెయ్యి ఎందుకు వాడడం లేదా అని చూశాను. గుడ్డపేలికతో చుట్టి, మొలతాడుకు కట్టేసి ఉంది.

"చెయ్యికి ఏమైంది?" అన్నాను.

"ఏం కాలే. ఇదీ నా మాదిరే పుర్రచెయ్యి. నన్ను చెడగొట్టింది ఈ చెయ్యే గదా. నాకు అన్నం కాడ తప్ప ఎవురూ చిన్నప్పుడే మాన్పియ్యలే. దీనికి ఇప్పట్నించే కట్టేస్తాండా. ఏడుస్తాది, అయినా ఇప్పను. పెద్దయినంక నీ దగ్గరికే పంపిస్తా. సీటు వచ్చేట్టు చెయ్యి టీచరమ్మా."

బస్సు వచ్చింది. ఆ ముడి విప్పమ్మా అని అనాలి. అంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. పిల్ల పేలిక కట్టిన చెయ్యిని లాక్కోవాలని చూస్తోంది, రావడం లేదు.

"పంపించు" అని బస్సెక్కాను.